సమాచారం ఇచ్చినవారు

మార్చి 3, 2026
మంగళవారం, ఉదయం పది గంటలు

నా పెద్ద మనవరాలికి,

నాయనమ్మ దీవెనలు. ఇక్కడ నేను, నా మోకాళ్లు, నువ్వు పంపిన కంప్యూటరు అందరం క్షేమం. వీటిలో ఏది ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేను గనక ఈ పూటకు క్షేమం అని చదువుకో. అక్కడ నువ్వు, మీ ఆయన, నీ కూతురు పిట్ట క్షేమమని రాశావు. పిట్ట సంగతిలో ఆ మాట నీ ధైర్యం కోసం రాసుకున్నావని నాకు తెలుసు.

స్కూలు గ్రౌండులో రెండో చుట్టు పరిగెడుతూ పిల్ల కూలబడిపోయిందనీ, నిమిషంలో లేచి కూర్చుని అందరూ ఇలా ఎందుకు చుట్టూ చేరారు అని అడిగిందనీ ఫోనులో చెప్పావు. అప్పటినుంచి ఆ మాట నా చెవిలోంచి పోలేదు. గుండె డాక్టరు చెప్పినదాన్ని నేను అర్థం చేసుకున్నట్టు తిరిగి రాస్తున్నాను, తప్పుంటే దిద్దు. పిల్ల ఇసిజి బాగుందనీ అనలేరు, బాగాలేదనీ అనలేరు. రక్తం పరీక్షకు దూరానికి పంపారు, ఫలితానికి నెలలు పడుతుంది. ఈలోగా మందు మొదలుపెట్టాలా, పరుగు మాన్పించాలా అన్నది కుటుంబాన్ని బట్టి తేలుస్తారు. మన ఇంట్లో నలభై ఏళ్లలోపు ఉన్నట్టుండి పోయినవాళ్లు, ఆడుతూనో ఈదుతూనో స్పృహ తప్పినవాళ్లు, ఎందుకో తెలియని ప్రమాదంలో పోయినవాళ్లు ఉన్నారా అని ఆయన ప్రశ్న. ఏప్రిల్ రెండున కాగితాలు తీసుకుని రమ్మన్నాడు.

కాబట్టి, రెండేళ్లుగా నువ్వు సెలవు రోజుల్లో సరదాకి పెంచిన వంశవృక్షం ఇప్పుడు డాక్టరు బల్ల మీదికి ఎక్కబోతోంది. అందుకే దాన్ని నేను సరదాగా చూడలేదు. నువ్వు ఎక్కించినవాళ్లు నూట పన్నెండు మంది. పుట్టిన తేదీ, పోయిన తేదీ, పోయిన కారణం, ఒక్కొక్కదాని పక్కన ఆధారం అని ఒక గడి. ఆ గడుల్లో అరవై మూడు చోట్ల నువ్వు రాసింది ఒకే మాట: నాయనమ్మ చెప్పింది.

ఇదేం పద్ధతి? కాలేజీ లైబ్రరీలో ముప్పై ఒక్క ఏళ్లు కార్డులు రాశాను. పుస్తకం చేతిలోకి తీసుకుని తెరవకుండా కార్డు రాసిన గుమాస్తా చేత మళ్లీ రాయించేదాన్ని. అతను వెనకాల నన్ను గద్ద అనేవాడని తెలిసి కూడా రాయించేదాన్ని. నాయనమ్మ చెప్పింది అంటే సరిపోదు. ఎప్పుడు చెప్పింది? కళ్లతో చూసి చెప్పిందా, విని చెప్పిందా, లేక నువ్వు వదలకుండా అడుగుతున్నావని ఊహించి చెప్పిందా? నేను ఎనభై మూడేళ్ల ముసలిదాన్ని. నన్ను కూడా కాగితాలతో సరిచూడాలి.

అందుకని ఇనప్పెట్టెలో ఉన్నవన్నీ కిందికి దింపించి, నాలుగు దఫాలుగా జిరాక్స్ షాపుకు మోసుకెళ్లి స్కాన్ చేయించాను. షాపతను కాగితాలు తిరగేస్తూ, ఏంటమ్మా, అన్నీ పోయినోళ్లవే తెచ్చారు, బతికున్నోళ్లు ఒక్కరూ లేరా మీ ఇంట్లో అన్నాడు. ఉన్నారు నాయనా, వాళ్లకోసమే ఇదంతా అన్నాను. తర్వాత అతను ఒక్కో కాగితం మడత సరిచేసి మరీ స్కాన్ చేశాడు.

నువ్వు ముఖ్యంగా అడిగింది మీ బాబాయి గురించి. పద్దెనిమిదేళ్లకే పోయినవాడు ఇంట్లో వాడొక్కడే గనక డాక్టరు మొదట అక్కడే వేలు పెడతాడని రాశావు. నిజమే. వాడి పేజీ నేను పూర్తి చేశాను. పోయిన తేదీ 1985 జూన్ 11, మంగళవారం ఉదయం. కారణం: సైకిలు బ్రేకు పడక కిందపడి తలకు దెబ్బ. ఆధారాలు మూడు. మొదటిది మరణ ధ్రువీకరణ పత్రం. రెండోది మీ తాతయ్య డైరీ, జూన్ 12 నాటి పేజీ. మూడోది కాలేజీ పత్రికలో అచ్చయిన సంతాప వార్త, పద్నాలుగో పేజీ, రెండో పేరా. మూడింటికీ మూడేసి నక్షత్రాలు పెట్టాను. మూడు ఆధారాలు ఒకే మాట చెబితే నీ ప్రోగ్రాము ఆకుపచ్చ గుర్తు వేస్తుందన్నావు. వేసింది.

నా పుట్టింటివైపు తొమ్మిది మందిని ఎక్కించావు. వాళ్లవి కాగితాలు నా దగ్గర లేవు. ఆ కొమ్మ అలాగే ఉండనీ.

డాక్టరు అడిగినటువంటిది మన ఇంట్లో లేదు. ఆ మాట చెప్పొచ్చు.

పిట్టకు ముద్దులు. పాలు తాగకుండా కుండీలో పోస్తోందని విన్నాను. మొక్క బలుస్తుంది, పిల్ల కాదు అని నా మాటగా చెప్పు.

దీవెనలతో,
నాయనమ్మ


మార్చి 17, 2026
మంగళవారం, మధ్యాహ్నం

పెద్ద మనవరాలికి,

దీవెనలు. నీ ఉత్తరం అందింది. నిన్న ఫోనులో మనం మాట్లాడుకున్న తీరు ఏమీ బాగాలేదు. నువ్వు ఫోను పెట్టేసినందుకు నాకు కోపం లేదు. నేను నీ చోట ఉంటే ఇంకా ముందే పెట్టేసేదాన్ని.

నీ ఉత్తరంలో ఉన్న వరుసలోనే జవాబు రాస్తాను. నా రిపోర్టు డాక్టరుకు పంపావు, ఆయన చూసి, కుటుంబంలో ఏమీ లేదు గనక ఏప్రిల్ రెండు దాకా మెల్లగా పరిగెత్తనివ్వొచ్చు అన్నాడు, శనివారం నుంచి పిట్ట మళ్లీ గ్రౌండుకు వెళుతుంది అని రాశావు. బూట్లు తుడిచి పెట్టుకుంటూ మా ముత్తవ్వ మంచి సర్టిఫికెట్ ఇచ్చింది అని స్నేహితురాళ్లకు చెప్పుకుందట. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను.

రెండో విషయం. ప్రోగ్రాము కొత్తగా మారింది, ప్రతి ఆధారం కింద ఇంకో గడి వచ్చింది, దాని పేరు సమాచారం ఇచ్చినవారు అని రాశావు. కాగితం మీద ఎవరు రాశారన్నది కాదు, రాసినవాళ్లకు ఎవరు చెప్పారన్నది అందులో నింపాలట. తప్పనిసరి కాదు నాయనమ్మా, ఖాళీగా వదిలేయొచ్చు, కానీ ఖాళీ గడి చూస్తే నీకు అన్నం సయించదు కదా అని ఎగతాళి చేశావు. చేసుకో. మంచి గడి అది. నేను లైబ్రరీలో ఉన్న రోజుల్లో ఎవరైనా ఆ గడి కనిపెట్టి ఉంటే వాళ్లకు దండం పెట్టేదాన్ని.

మొదలుపెట్టాను. మొదటి రెండు రోజులు నవ్వుకుంటూనే నింపాను. మీ తాతయ్య వాళ్ల నాన్న పుట్టిన సంవత్సరం మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉందని నువ్వు తల పట్టుకున్నావు కదా, అది విడిపోయింది. మూడింటికీ సమాచారం ఇచ్చినవారు ఆయనే. ఉద్యోగం కోసం రెండేళ్లు తగ్గించుకున్నాడు, పెళ్లి కోసం ఇంకో ఏడాది, పింఛను దగ్గరికొచ్చేసరికి పెద్దమనిషి తరహాగా రెండేళ్లు కలుపుకున్నాడు. కాగితం ప్రభుత్వానిది, ముద్ర ప్రభుత్వానిది, నోరు మాత్రం ఆయనది. ఆ రోజు ఈ మాట రాసుకుని, నీకు పంపితే నవ్వుతావనుకున్నాను.

తర్వాత వరుసలో మీ బాబాయి పేజీ వచ్చింది. అక్కడ ఆగాను.

ఆగి ఉండగానే ఆదివారం మీ నాన్న వచ్చాడు. నేను టీ పెట్టేలోగా కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. తెర మీద ఉన్నది ఆ పేజీయే. ఆపేద్దామని చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి చదవడం అయిపోయింది.

నీకు ఈ సంగతి పూర్తిగా తెలియదు. మీ నాన్న నీకు చెప్పి ఉండడు. ఆ సైకిలు ముందు బ్రేకు వదులైందని మీ తాతయ్య ఆ వారమే చెప్పి, ఆదివారం రిపేరు షాపుకు తీసుకెళ్లమని మీ నాన్నకు అప్పగించి, పని మీద ఊరెళ్లారు. మీ నాన్నకు ఇరవై ఒక్కటి. ఆదివారం మ్యాచ్ ఉందని వెళ్లాడు, రేపు తీసుకెళతానన్నాడు, సోమవారం మరిచాడు. మంగళవారం తమ్ముడు పోయాడు. అప్పటినుంచి మీ నాన్న సైకిలు ఎక్కలేదు. నీకు సైకిలు కొనివ్వలేదని పదేళ్ల వయసులో నువ్వు వారం రోజులు మాట్లాడటం మానేశావు. పిసినారి అనుకున్నావు. మేమూ అనుకోనిచ్చాం.

తెర చూస్తూ మీ నాన్న, బ్రేకు పడక అని రాశావు గానీ అమ్మా, బ్రేకు ఎవరు బాగుచేయించాలో రాయలేదే అన్నాడు. అలాంటి గడి లేదురా అన్నాను. ఉండాలి, ఎవరి మూలంగా అని ఒక గడి పెట్టమను నా కూతుర్ని, నింపడానికి నేనొస్తా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. టీ తాగకుండా లేచాడు. వెళుతూ వెళుతూ, పిట్టకు ఏమీ ఉండదులే అమ్మా, మన ఇంట్లో ఉన్నది గుండె జబ్బు కాదు, మతిమరుపు అన్నాడు.

అందుకే నిన్న నీకు ఫోను చేశాను. చెప్పాలనుకున్నది చెప్పలేక వాన పడుతోందా అని అడిగాను. పడటం లేదన్నావు. అప్పుడు పిల్లను పరుగు మాన్పించు అన్నాను. ఎందుకు అన్నావు. ఒక గడి నింపాల్సి ఉంది అన్నాను. ఏం గడి నాయనమ్మా, వచ్చే వారం పోటీ, పిల్ల ఏడుస్తుంది, నువ్వేగా ఏమీ లేదన్నావు, మూడు ఆధారాలన్నావు, నక్షత్రాలన్నావు అని అరిచావు. ఏడవనీ అన్నాను. ఫోను పెట్టేశావు.

ఇప్పుడు రాతపూర్వకంగా అదే మాట. పిట్ట పరిగెత్తకూడదు, మెట్లు గబగబా ఎక్కకూడదు, ఈతకు పంపకూడదు. కారణం వారం లోపల రాస్తాను. ఇంత వయసొచ్చి వారం గడువు అడుగుతున్నానని నాకే సిగ్గుగా ఉంది.

నాయనమ్మ


మార్చి 25, 2026
బుధవారం, ఉదయం ఎనిమిది గంటలు

మనవరాలికి,

ఈ ఉత్తరం కొరియర్లో వేస్తున్నాను, శుక్రవారానికి నీకు అందాలి. డాక్టరును కలవడానికి ఇంకా వారం ఉంటుంది. కూర్చుని, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదువు. ఆయనకు చెప్పాల్సినవి ఇందులో ఉన్నాయి. పిట్టను పోటీ నుంచి తప్పించావని మీ నాన్న చెప్పాడు. పిల్ల బూట్లు మంచం కిందికి విసిరి, నాతో మాట్లాడనని ఒట్టు పెట్టుకుందట. ఆ ఒట్టు ఉండనీ.

మీ బాబాయి పేజీలో మూడు ఆధారాలకూ సమాచారం ఇచ్చినవారు ఎవరో నింపాను. ఒక్కొక్కటే చెబుతాను.

మరణ పత్రం. దాని వెనక ఆసుపత్రివాళ్ల కాగితం లేదు. మన వీధి చివర ఉండే డాక్టరు ఇంటికొచ్చి చూసి రాసిచ్చిన చీటీయే ఉంది. ఆయన మాకు బాగా తెలిసినవాడు. నుదుటి మీద దెబ్బ చూశాడు. నన్ను మూడే ప్రశ్నలు అడిగాడు. అబ్బాయికి ఇదివరకు ఎప్పుడైనా స్పృహ తప్పిందా అన్నాడు. లేదన్నాను. ఏదైనా జబ్బు ఉందా అన్నాడు. లేదన్నాను. పెద్దాసుపత్రికి తీసుకెళ్లి కోయించడం మీకు ఇష్టమా అన్నాడు. వద్దన్నాను. చీటీ రాసిచ్చాడు.

మీ తాతయ్య డైరీ. ఆయన ఆ రోజు ఊళ్లో లేరు, వంతెన పని మీద ఉన్నారు. మర్నాడు సాయంత్రం వచ్చారు. నేను చెప్పింది విన్నారు, విన్నది రాసుకున్నారు. ఆయన చేతిరాతలో ఉన్నది నా వాక్యమే. ఆ తర్వాత ముప్పై ఏళ్లు బతికారు, ఎలా జరిగిందని రెండోసారి నన్ను అడగలేదు.

కాలేజీ పత్రిక. పత్రిక చూసే లెక్చరరు నా బల్ల దగ్గరికొచ్చి, ఏం రాయమంటారు మేడమ్ అని పెన్సిలు పట్టుకుని నిలబడ్డాడు. నేను చెప్పాను, అతను రాసుకున్నాడు. అచ్చుకు వెళ్లేముందు ప్రూఫు నా దగ్గరికే వచ్చింది. అందులో రెండు తప్పులు దిద్దాను. ఆ సంగతి నాకు ఇంకా గుర్తుంది. పద్దెనిమిదేళ్ల కొడుకు పోయిన నెల తిరక్కుండా, వాడి సంతాప వార్తలో కామాలు సరిచేశాను.

మూడు కాగితాలు, మూడు చేతిరాతలు, తొమ్మిది నక్షత్రాలు. మాట్లాడిన నోరు ఒక్కటే. నువ్వు రాసిన నాయనమ్మ చెప్పింది అన్న ఆధారాన్ని ఎద్దేవా చేశాను. నా మూడు గొప్ప ఆధారాలూ అదే. నువ్వు కనీసం ఉన్నది ఉన్నట్టు రాశావు.

ఇక పెన్సిలు తీసుకో.

మీ బాబాయికి అంతకుముందు రెండుసార్లు స్పృహ తప్పింది. ఒకటి 1985 జనవరి 20, ఆదివారం. ఆట ముగిసి నిలబడ్డవాడు అలాగే పడిపోయాడు, స్నేహితులు ఇంటికి తీసుకొచ్చారు. రెండోది ఏప్రిల్ 6, శనివారం, పొద్దున్న ఆరింటికి. అలారం గట్టిగా మోగితే ఉలిక్కిపడి లేచి, మంచం పక్కనే కూలిపోయాడు. అలారం సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పు. రెండుసార్లూ నిమిషంలోపే లేచాడు. లేచి ఏమీ జరగనట్టే మాట్లాడాడు, పిట్ట మాట్లాడినట్టే. ఈ రెండు తేదీలూ నా పాత క్యాలెండరులో నేనే చిన్న సున్నాలు చుట్టి పెట్టాను. సున్నా ఎందుకు చుట్టానో ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు పేజీలు జతచేశాను.

నా పుట్టింటి కొమ్మ ఖాళీగా ఉండనీ అని రాశాను. అదీ అబద్ధమే. మా మేనమామ ఒకడుండేవాడు. ఇరవై ఆరేళ్లకు పోయాడు, నాకు అప్పుడు పదకొండు. వాడు రోజూ ఏరు ఈది అవతల ఒడ్డుకు వెళ్లి వచ్చే మనిషి. ఒక రోజు మోకాలి లోతు నీళ్లలో దొరికాడు. ఏడాది ముందు పందెంలో పరిగెడుతూ పడిపోయాడని మా అమ్మ ఏడుస్తూ చెప్పడం విన్నాను. నా పెళ్లి మాటల్లో మీ తాతయ్య వాళ్ల అమ్మ, మీ వైపు చిన్న వయసులో పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని మా నాన్నను అడిగింది. ఎవరూ లేరమ్మా, అంతా నిండు నూరేళ్లు అన్నాడు మా నాన్న. నేను పక్కగదిలోనే ఉన్నాను. ఆ రోజు నేను నోరు మూసుకుని నేర్చుకున్న విద్య నాకు తర్వాత బాగా పనికొచ్చింది.

అంటే ఇది మీ తాతయ్యవైపు నుంచి రాలేదు. నా వైపు నుంచి వచ్చింది. నా నుంచి మీ నాన్నకు, మీ నాన్న నుంచి నీకు, నీ నుంచి పిట్టకు. అందరిలో బయటపడకపోవచ్చట, కానీ అందరికీ చూడాలి. సోమవారం ఆటోలో వెళ్లి నేనూ ఇసిజి తీయించుకున్నాను. తీసిన అమ్మాయి, ఈ వయసులో ఇప్పుడెందుకు మామ్మగారూ, బాధేమైనా ఉందా అంది. లేదమ్మా, ఆలస్యమైంది అన్నాను. కాపీ ఇందులోనే ఉంది. నువ్వూ తీయించుకో. డాక్టరు దగ్గరికి పిట్టతోపాటు నీదీ తీసుకెళ్లు.

మీ బాబాయి పేజీలో ఆకుపచ్చ గుర్తు తీసేశాను. కారణం దగ్గర, సైకిలు మీద ఉండగా స్పృహ తప్పి పడి ఉండవచ్చు, రూఢిగా తెలియదు అని మార్చాను.

నువ్వు నన్ను నమ్మి పిల్లను మూడు రోజులు గ్రౌండుకు పంపావు. శని, ఆది, సోమ. ఆ మూడు రోజుల్లో ఏమీ కాలేదు. కాకపోవడం నా గొప్ప కాదు. ఆ మూడు రోజులూ నాకు తెలిసే గడిచాయని నువ్వు గుర్తుపెట్టుకో, నన్ను క్షమించే తొందరలో మరిచిపోకు.

నాయనమ్మ

తా.క. పైనున్నది తిరిగి చదివాను. రూఢిగా తెలియదు అని రాశాను. నా దగ్గర పనిచేసిన గుమాస్తా ఎవరైనా అలా రాస్తే, చూసిన నువ్వే తెలియదంటే ఎలా అని చీవాట్లు పెట్టేదాన్ని. రూఢిగా తెలుసు. నేను చూశాను.

ఆ వారం వాడు గుండె దడదడలాడుతోందమ్మా అని రెండుసార్లు చెప్పాడు. పరీక్ష ఉంది గనక దడే ఉంటుంది అన్నాను. మంగళవారం పొద్దున్న కళ్లు తిరుగుతున్నాయి, ఇవాళ వెళ్లను అన్నాడు. నీ నాటకాలు నా దగ్గర కాదు, లే అన్నాను. లేచాడు. గేటు దగ్గర నిలబడి వాడు వెళుతుంటే చూస్తున్నాను, నిజంగా వెళుతున్నాడో లేదో చూద్దామని. పిండిమర దాకా వెళ్లి ఆగాడు. దిగాడు. సైకిలుకు స్టాండ్ వేశాడు. మర మెట్టు మీద కూర్చున్నాడు. చూశావా ఆగిపోయాడు, తిట్టాలి అనుకుంటూ నడిచాను. పరిగెత్తలేదు. సగం దూరంలో ఉండగా వాడు పక్కకు ఒరిగి మెట్టు మీంచి రోడ్డు మీదికి జారాడు. నుదురు అప్పుడు పగిలింది. నేను వెళ్లేసరికి ఊపిరి లేదు.

వీధిలో ఎవరూ లేరు. సైకిలు స్టాండ్ మీద నిటారుగా ఉంది. నేను దాన్ని తోసేశాను. ఎందుకు తోశానో నలభై ఏళ్లుగా నాకు తెలుసు. సైకిలు పడి ఉంటే వాణ్ని చంపింది సైకిలు. నిలబడి ఉంటే నేను. తోశాకే కేకవేశాను. జనం చేరారు, మరతను సైకిలు లేపి, అయ్యో, బ్రేకు పట్టడం లేదే అన్నాడు. అప్పుడే పరిగెత్తుకొచ్చిన మీ నాన్న ఆ మాట విన్నాడు. వాడి ముఖం నేను చూశాను. చూసి ఊరుకున్నాను. ఒక్క రోజు కాదు, పోయిన ఆదివారం దాకా.

ఆదివారం మీ నాన్నకు చెప్పాను. కూర్చోమని, పై రెండు పేరాల్లో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. స్టాండ్ వేసి ఉందా అమ్మా అన్నాడు. వేసి ఉందన్నాను. మళ్లీ అదే అడిగాడు. మళ్లీ చెప్పాను. పక్క స్టాండా, వెనక స్టాండా అన్నాడు. వెనక స్టాండ్ అన్నాను. అయితే సైకిలు ఎత్తి వెనక్కి లాగి మరీ వేశాడన్నమాట, బ్రేకు పట్టకుండానే ఆపుకున్నాడన్నమాట అన్నాడు. అవునన్నాను. లేచి వెళ్లిపోయాడు.

మూడు రోజులైంది, ఫోను ఎత్తడం లేదు. మీ అమ్మను అడిగితే గదిలోంచి బయటికి రావడం లేదంది. వాడిది కూడా ఇసిజి తీయించాలి, అది నువ్వే చూసుకో. నేను చెబితే వినడు. నీ దగ్గరికి వస్తే ముందు భోజనం పెట్టు, నువ్వుగా ఏమీ అడగకు. నన్ను ఏమన్నా అంటే అననీ. కాదనకు.